వైట్ పైన్ కౌంటీ: పార్కు కోసం వెళ్లి రైలు షెడ్డులో ఆగిపోయాం

నెవాడా అనగానే మనవాళ్లకి వేగస్ తప్ప ఇంకోటి గుర్తుకు రాదు. వేగస్‌కి ఉత్తరాన సుమారు 240 మైళ్ల దూరంలో, యూటా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది వైట్ పైన్ కౌంటీ. అంత దూరం ఎవరైనా వెళ్లారంటే గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు కోసమే అయి ఉంటుంది. మేమూ అందుకే బయల్దేరాం. పార్కు బాగుంది, వంక పెట్టడానికి లేదు. అయినా ఉన్న కాస్త సెలవులో దేనికెంత టైమ్ ఇవ్వాలని నన్నడిగితే, ఈలీ ఊళ్లో ఉన్న పాత రైలు యార్డుకి ఒక రోజు మొత్తం పక్కన పెట్టుకోమంటాను. చాలామంది దాన్ని గంటలో చుట్టేసి వెళ్లిపోతున్నారు.

బే ఏరియా నుంచి హైవే 50 మీదుగా వెళ్లాం. 1986లో లైఫ్ పత్రిక ఈ రోడ్డుని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డని రాసింది. నెవాడా వాళ్లు చిన్నబుచ్చుకోకుండా ఆ మాటనే బోర్డులకెక్కించి ప్రచారం చేసుకున్నారు. దారిలో వచ్చే ఊళ్లలో స్టాంపులు వేయించుకునే చిన్న పుస్తకం కూడా ఉంది, పిల్లలకి మంచి కాలక్షేపం. ఫాలన్ దాటాక ఆస్టిన్, యురేకా తప్ప చెప్పుకోదగ్గ ఊరు లేదు. బంకు కనిపించిన చోటల్లా ట్యాంకు నింపుకోండి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక రైలు సంగతి. నెవాడా నార్తర్న్ రైల్వేని 1905-06లో వేశారు. గనుల్లో తవ్విన రాగి ఖనిజాన్ని మెక్‌గిల్ ఊళ్లోని స్మెల్టర్‌కి, అంటే ఖనిజాన్ని కరిగించి రాగి తీసే ఫ్యాక్టరీకి చేర్చడం దీని పని. 1983లో స్మెల్టర్ మూతపడటంతో రైళ్లూ ఆగిపోయాయి. అక్కడితో అంతా తుక్కు కింద పోవాల్సింది. కానీ ఇంజన్లు, పెట్టెలు, లేత్ మిషన్లు, ఆఫీసు కాగితాలు సహా మొత్తం యార్డు ఎక్కడిదక్కడే ఉండిపోయి, చివరికి ఊరి చేతికి వచ్చింది. 2006లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఎక్కడెక్కడివో సామాన్లు పోగేసి అద్దాల వెనక పెట్టిన మ్యూజియం కాదిది. వందేళ్ల నాటి షెడ్డులో ఇవాళ్టికీ నిజంగా రిపేర్లు జరుగుతున్నాయి.

మాతో మా మావయ్యగారు ఉన్నారు. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేరి, బొగ్గింజన్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. గుహలన్నా కొండలన్నా ఆయనకి పెద్ద ఆసక్తి లేదు, మా కోసం వచ్చారంతే. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే నడక మారిపోయింది. లోపలంతా మసి, వేడి నూనె వాసన. ఒక ఇంజన్ ముందు తలుపు తెరిచి ఉంది. మావయ్యగారు తల లోపలికి పెట్టి బాయిలర్ గొట్టాల చివర్లు ఒక్కొక్కటే చూశారు. తర్వాత చక్రాలని కలిపే సైడ్ రాడ్ మీది గ్రీజు వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. అది చూసి, ఓవరాల్స్ వేసుకున్న ఒక పెద్దాయన నవ్వుతూ దగ్గరికొచ్చాడు. మావయ్యగారి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకి తెలుగు సున్నా. అయినా ఇద్దరూ చేతులతోనే చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను కల్పించుకున్నది ఒక్కచోటే. ఇక్కడి రూల్ ప్రకారం 1,472 రోజులు నడిచాక, లేదంటే 15 ఏళ్లకి, ఏది ముందైతే అప్పుడు బాయిలర్ని పూర్తిగా విప్పి పరీక్ష చేయాలట. అది తెలుగులో చెప్పాను. ఆయన తల పంకించి, “మనదగ్గర ఇవన్నీ తుక్కు కింద పోయినయ్ కదమ్మా. వీళ్లు పని ఆపలే, అదీ సంగతి” అన్నారు.

రైలెక్కేవాళ్లకి ఒక జాగ్రత్త. అన్ని రోజులూ ఆవిరి ఇంజన్ నడవదు, కొన్ని ట్రిప్పులకి డీజిల్ ఇంజన్ పెడతారు. టికెట్ కొనేముందు ఏ ఇంజనో చూసుకోండి. ఆవిరి ఇంజన్లలో 93వ నంబరుది 1909 నాటిది, 40వ నంబరుది 1910 నాటిది. వేసవిలో రాత్రిపూట పార్కు రేంజర్లతో కలిసి నక్షత్రాలు చూపించడానికి నడిపే స్టార్ ట్రైన్ టికెట్లు చాలా ముందే అయిపోతాయి, మాకూ దొరకలేదు. డబ్బు పెట్టగలిగితే ఇంజన్ని మనమే నడిపే ప్రోగ్రామ్ కూడా ఉంది. ఇంకో సంగతి, డర్ట్ అనే షెడ్డు పిల్లిని చూడటానికే ఇక్కడికి వచ్చినవాళ్లున్నారు. అది 2023లో చనిపోయింది.

పార్కు ఈలీ నుంచి దాదాపు గంటంబావు ప్రయాణం. ప్రవేశ రుసుము లేదు, లోపలున్న లేమన్ గుహలకి మాత్రం టికెట్ కొనాలి. రేంజరు వెంట లేకుండా లోపలికి పంపరు కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాల్సిందే. బొర్రా గుహల్లాంటి విశాలత్వం, రంగురంగుల లైట్లు ఊహించుకుని వెళ్తే నిరాశే. దారి ఇరుకు, వెలుతురు తక్కువ. కానీ షీల్డులని పిలిచే గుండ్రటి రాతి పలకలు ఇక్కడ వందల్లో ఉన్నాయి, అవి మామూలు గుహల్లో అరుదు. గ్రాండ్ ప్యాలెస్ టూర్ తీసుకుంటే వాటిలో పేరున్న పారాచూట్ షీల్డుని చూపిస్తారు. లోపల ఏడాది పొడవునా 11 డిగ్రీలే కాబట్టి స్వెటర్ ఉండాలి. వేరే గుహల్లో తిరిగిన బూట్లు, బట్టలు వేసుకోకూడదు, గబ్బిలాలకి జబ్బు అంటుతుందని గట్టిగా అడుగుతారు.

నాకు గుహ కంటే కొండపైన ఉన్న చెట్లు నచ్చాయి. వీలర్ పీక్ రోడ్డు 12 మైళ్లలో దాదాపు 10,000 అడుగుల ఎత్తుకి తీసుకెళ్తుంది. పైభాగం మంచు కరిగాక, సుమారు జూన్ నుంచి తెరుస్తారు. అక్కణ్నుంచి రానూపోనూ 2.8 మైళ్లు నడిస్తే బ్రిసిల్‌కోన్ పైన్ తోపు. చెట్టు ఒంట్లో సగానికి పైగా ఎండిపోయి మెలితిరిగి ఉంటుంది. ఎక్కడో ఒక పక్కన చేతి వెడల్పు బెరడు, దాని పైన పచ్చటి కొమ్మ. అంతే ప్రాణం, దాంతోనే వేల ఏళ్లు. 1964లో ఒక పరిశోధక విద్యార్థి అటవీశాఖ అనుమతితోనే ఇక్కడ ప్రొమీథియస్ అనే చెట్టుని కొట్టించాడు. వలయాలు లెక్కపెడితే 4,800 పైనే తేలాయి. పెద్దవాళ్లుంటే ఎత్తు సంగతి గుర్తుంచుకోండి. మావయ్యగారికి ఆయాసం రావడంతో మా ఆయన ఆయన్ని తీసుకుని సగంలోనే వెనక్కి వెళ్లిపోయారు.

బస ఎక్కడన్నది మీ ప్రాధాన్యాన్ని బట్టి. పార్కు గుమ్మంలో ఉన్న బేకర్ చిన్న పల్లె, గదులు చాలా తక్కువ. రాత్రి ఆకాశం కావాలంటే మాత్రం అక్కడే ఉండాలి. రాత్రి ఆకాశం దీపాల వెలుతురుతో పాడవని చోట్లకిచ్చే డార్క్ స్కై గుర్తింపు 2016లో పార్కుకి వచ్చింది, చంద్రుడు లేని రాత్రి పాలపుంత మామూలు కంటికే స్పష్టంగా కనిపిస్తుంది. యూటా పక్కనే కావడంతో ఫోన్ ఉన్నట్టుండి గంట ముందుకి జరుగుతుంది, గుహ టూర్ టైమ్‌కి చేతి గడియారాన్నే నమ్ముకోండి. ఈలీలో మోటెళ్లకి కొదవ లేదు. మేం దిగిన చోట హీటర్ రాత్రంతా గరగరలాడింది, చెప్తే గది మార్చారు కానీ క్షమాపణ మాట లేదు. క్యాసినో ఉన్న హోటల్ తీసుకుంటే సిగరెట్ వాసన పడుతుందో లేదో ఆలోచించుకోండి. ఆరంతస్తుల హోటల్ నెవాడా 1929లో కట్టినప్పుడు రాష్ట్రంలోనే ఎత్తైన భవనమట. ఉండకపోయినా లోపలికెళ్లి చూడొచ్చు.

శాకాహారులకి తిండి కష్టమే. మెక్సికన్ హోటల్లో బీన్స్, అన్నంతో సరిపెట్టుకోవాలి, అదీ బీన్స్‌లో పందికొవ్వు వేశారేమో అడిగి. మేం రైస్ కుక్కర్, చింతకాయ పచ్చడి, కందిపొడి వెంట తెచ్చుకున్నాం. పెరుగు ఈలీ సూపర్‌మార్కెట్‌లో కొన్నాం.

ఈలీకి దక్షిణాన ఉన్న వార్డ్ బొగ్గు బట్టీలకి పూట చాలు. 1876లో వెండి ఖనిజం కరిగించడానికి కావాల్సిన కట్టెబొగ్గు కోసం కట్టిన ఆరు రాతి గుమ్మటాలు, ఒక్కొక్కటి 30 అడుగుల ఎత్తు. చివరి మైళ్లు కంకర రోడ్డు, వాన పడితే చిన్న కారుతో వెళ్లొద్దు. గార్నెట్ హిల్ అని ఇంకోటుంది, అక్కడ రాళ్లలో గార్నెట్ అనే ఎర్రటి రత్నాలు వెతుక్కోవచ్చు, ఉచితం. ఎండలో వంగి ఏరే ఓపిక పిల్లలకి పది నిమిషాలే ఉంది. టైమ్ లేకపోతే ముందు దీన్ని వదిలేయండి.

చలికాలంలో వెళ్తే కొండ రోడ్డు పైభాగం మూసేసి ఉంటుంది, గుహలు మాత్రం తెరిచే ఉంటాయి. ఫిబ్రవరిలో మంచు మధ్య ఆవిరి ఇంజన్లని ఫొటోల కోసం ప్రత్యేకంగా నడుపుతారు. తన వీసా జనవరి దాకానే ఉంది, పొడిగించొచ్చేమో కనుక్కోమని మావయ్యగారు మా ఆయన వెంట పడుతున్నారు.