పూర్తి మూసివేతా, పూట సడలింపా?

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు కరోనా లాక్‌డౌన్ ప్రకటన వచ్చింది. నాలుగు గంటల్లో దేశమంతా బంద్. 2021 మే 12న తెలంగాణలో మొదలైన లాక్‌డౌన్ తీరు వేరు, ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు ఉండేది.

ఆరోగ్యం వరకే చూస్తే నా ఓటు మొదటిదానికే. కేసులు ఇంకా వందల్లోనే ఉన్నాయి కాబట్టి పడకలు, కిట్లు, టెస్టులు సమకూర్చుకోవడానికి టైం దొరికింది. రెండోది మొదలయ్యే సరికే జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెడుతున్నారు.

పొట్టకూటి దగ్గరకొస్తే లెక్క తిరగబడుతుంది. 2020లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఒక గది అద్దె కూడా తీరదు. కార్డు వేరే రాష్ట్రంలో ఉన్న కూలీల బాధ చెప్పనే అక్కర్లేదు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. అంటే ఐదు వారాలు పైనే పని లేదు, ఇల్లు చేరే దారీ లేదు.

2021 నాటి నాలుగు గంటల సడలింపులో ఆకుకూరలమ్మే ఆమెకు కనీసం బేరమన్నా ఉండేది. పదింటికి మిగిలిన పాలకూర కట్టలు మాత్రం సాయంత్రానికి వడలిపోయేవి. పైగా అందరూ ఒకేసారి రైతుబజార్ మీద పడితే దూరం పాటించేదెక్కడ? అదే 2021 మేలో ఆంధ్రప్రదేశ్ మధ్యాహ్నం 12 దాకా వదిలింది. నాకు అదే నయమనిపిస్తుంది, బియ్యం, నగదు మొదటి వారంలోనే చేతికందితే.