నాలుగో మ్యాచ్ కోసం టెక్సస్ దాకా

మేముండేది మేరీలాండ్‌లోని కొలంబియాలో. 2023 అక్టోబర్‌లో నేనూ, పదకొండేళ్ళ మా అబ్బాయీ ఐదు రోజుల్లో నాలుగు బేస్‌బాల్ మ్యాచ్‌లు చూడాలని టికెట్లు కొన్నాం. రెండు బాల్టిమోర్‌లో, రెండు టెక్సస్‌లోని అర్లింగ్టన్‌లో. చూసింది మూడే. నాలుగోది జరగలేదు.

మా జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్. 2021లో 110 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ రోజుల్లో స్టేడియం బోసిగా ఉండేది, మేము మాత్రం వెళ్తూనే ఉన్నాం. రెండేళ్ళు తిరిగేసరికి అదే జట్టు 162 మ్యాచ్‌లలో 101 గెలిచి, బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అందరికంటే పైన నిలిచింది. 2022 మే తర్వాత లీగ్ మ్యాచ్‌లలో ఒక్క సిరీస్‌లో (ఒకే ప్రత్యర్థితో వరసగా ఆడే కొన్ని మ్యాచ్‌లు) కూడా అన్నీ ఓడిపోలేదు. అలా వరసగా 91 సిరీస్‌లు. ఏడేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్ వచ్చాయంటే మా ఇంట్లో పండగ వాతావరణమే. తొలి ప్రత్యర్థి 90 మ్యాచ్‌లు గెలిచిన టెక్సస్ రేంజర్స్. డివిజన్ సిరీస్ అనే ఈ దశ ఐదు మ్యాచ్‌ల సిరీస్, మూడు గెలిచినవాళ్ళు ముందుకెళ్తారు.

ముందు బాల్టిమోర్ సంగతి. ప్రయాణం విషయంలో ఆ ఊరికి నా పూర్తి మార్కులు. స్టేడియం ఊరి నడిబొడ్డున ఉంటుంది. లైట్ రైల్ స్టేషన్‌లో కారు పెట్టి రైలెక్కితే గేటు ముందే దిగొచ్చు. బయటి ఊళ్ళ నుంచి విమానంలో వచ్చేవాళ్ళకు కూడా ఎయిర్‌పోర్ట్ నుంచి అదే రైలు నేరుగా వస్తుంది. ఇన్నర్ హార్బర్ దగ్గర హోటల్ తీసుకుంటే నడిచే వెళ్ళొచ్చు. కాస్త ముందుగా వెళ్ళి, బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ పుట్టిన ఇల్లు చూడండి. ఇప్పుడది మ్యూజియం. స్టేడియం దగ్గర నుంచి అక్కడిదాకా కాలిబాట మీద బంతుల బొమ్మలు వేసి ఉంటాయి, వాటి వెంట నడిస్తే దారి ఎవరినీ అడగక్కర్లేదు.

1992లో కట్టిన కామ్డెన్ యార్డ్స్ స్టేడియానికి ఒకవైపు పాత రైల్వే గోదాము, ఎర్ర ఇటుకల పొడవాటి గోడ. గోదాముకీ మైదానానికీ మధ్య ఉన్న యూటా స్ట్రీట్‌లో, హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) బంతులు వచ్చి పడినచోటల్లా నేలలో చిన్న ఇత్తడి బిళ్ళలు పొదిగారు. మా వాడు ఎప్పుడెళ్ళినా వంగి వాటి మీద పేర్లు చదువుతూ నడుస్తాడు. ఆ రోజు జనం తోపులాటలో కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఒక బిళ్ళని చొక్కా అంచుతో తుడిచాడు. ఇంకో సౌకర్యం, ఇంటి భోజనం లోపలికి తీసుకెళ్ళనిస్తారు. మేము డబ్బాలో పులిహోర తీసుకెళ్ళాం. జాతీయ గీతంలో ఒకచోట వచ్చే 'ఓ' దగ్గర, అది ఓరియోల్స్ మొదటి అక్షరం కాబట్టి, స్టేడియం మొత్తం ఒక్క గొంతుతో అరుస్తుంది. ఆ శనివారం ఆ అరుపుకి నా ఒళ్ళు జలదరించింది.

మొదటి మ్యాచ్ 3-2తో పోయింది. రెండో రోజు ఆదివారం తెల్లవారుజామున లేచి చెన్నైలో ఇండియా, ఆస్ట్రేలియా ప్రపంచకప్ మ్యాచ్ చూశాం. రెండు పరుగులకే మూడు వికెట్లు పోయినా కోహ్లీ, రాహుల్ నిలబడి గెలిపించారు. అదే ధైర్యంతో సాయంత్రం స్టేడియానికి వెళ్ళాం. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో మూడోదాంట్లో బేస్‌లు మూడూ నిండి ఉండగా రేంజర్స్ బ్యాటర్ మిచ్ గార్వర్ హోమ్ రన్ కొట్టాడు, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. స్కోరు 9-2. చివర్లో మావాళ్ళు పోరాడి 11-8 దాకా వచ్చారు గానీ చాలలేదు.

ఏడాది పొడుగునా 101 విజయాలు. రెండు రోజుల్లో అంచున నిలబడ్డాం.

మంగళవారం పొద్దున్నే డల్లాస్ విమానం ఎక్కాం. అర్లింగ్టన్ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. 2020లో తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ కొత్తది, చల్లనిది, పైకప్పు మూసుకుంటుంది, దాదాపు 40 వేల మంది పడతారు. పక్కనే కౌబాయ్స్ ఫుట్‌బాల్ స్టేడియం, ఇంకొంచెం అవతల సిక్స్ ఫ్లాగ్స్ వినోద పార్కు. కానీ అక్కడికి రైలు లేదు, మామూలు సిటీ బస్సు కూడా లేదు. కారు ఉండాలి, లేకపోతే క్యాబ్. మ్యాచ్ అయ్యాక క్యాబ్ కోసం జనం నిలబడ్డ తీరు చూసి, నడిచే దూరంలో హోటల్ తీసుకున్నందుకు సంతోషించాను. ఆ సంతోషం మర్నాటిదాకానే.

ఆ రాత్రి మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌కే ముగిసినట్టయింది. మొదట కోరీ సీగర్, తర్వాత అడోలిస్ గార్సియా హోమ్ రన్లు. అప్పటికే 6-0. చివరికి 7-1. మా చుట్టూ ఉన్న టెక్సస్ వాళ్ళు చాలా మర్యాదగా ఉన్నారు. ఆరెంజ్ జెర్సీలో ఏడుస్తున్న మా వాడికి వెనక వరస పెద్దావిడ ఒకరు టిష్యూలు ఇచ్చి, వచ్చే ఏడాది మీదే అన్నారు. సిరీస్ అయిపోయింది. బుధవారం మ్యాచ్ లేదు.

జరగని మ్యాచ్ టికెట్ల డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. హోటల్ మాత్రం రెండో రాత్రి డబ్బు పైసా ఇవ్వలేదు. కౌంటర్ దగ్గర ఎంత అడిగినా నిబంధన అన్నారు. ప్లేఆఫ్ మ్యాచ్‌లకు వెళ్ళేవాళ్ళు రద్దు చేసుకోగల గదే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే.

బుధవారం డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది వచ్చి తీసుకెళ్ళాడు. అక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళి, వాళ్ళింట్లో గోంగూర పచ్చడి, వేడి అన్నం తిన్నాం. ఈ యాత్రలో ఉత్తమ వసతి ఎక్కడంటే మొహమాటం లేకుండా ఆ ఇల్లే అంటాను, స్టేడియానికి 40 మైళ్ళ దూరమైనా. అక్కడే మాటల్లో, డివిజన్ సిరీస్‌ని ఐదు నుంచి ఏడు మ్యాచ్‌లు చేయాలన్నాను.

"ఏడు మ్యాచ్‌లు పెట్టినా మేమే గెలిచేవాళ్ళం బావా" అన్నాడు మా బావమరిది. కావచ్చు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో రేంజర్స్ బయటి మైదానాల్లో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి కప్పు కొట్టింది. నా బాధ మా ఓటమి గురించి కాదు. ఆ సిరీస్ మొత్తంలో టెక్సస్ అభిమానులకు కూడా సొంత ఊళ్ళో దొరికింది ఒక్క మ్యాచ్. ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయితే ఎంత ఏకపక్షంగా సాగినా రెండు ఊళ్ళకూ తలా రెండు దక్కుతాయి.

అదే వారం 104 మ్యాచ్‌లు గెలిచిన అట్లాంటా, 100 గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ కూడా ఇదే ఐదు మ్యాచ్‌ల దశలో ఇంటికెళ్ళాయి. అంతకు ముందు ఏడాది 111 గెలిచిన డాడ్జర్స్‌కీ అదే గతి. బేస్‌బాల్‌లో గొప్ప జట్టు కూడా ఏటా 60 ఓడుతుంది, మూడు రోజుల్లో ఏదైనా జరుగుతుంది. మన ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఒక ఓటమి తర్వాత కూడా ఇంకో అవకాశం ఉంటుంది. ఆరు నెలల కష్టానికి ఆ మాత్రం విలువ ఇవ్వాలి కదా.

ఇది కొత్త కోరికేం కాదు. ఇప్పుడు దీని తర్వాతి దశైన లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ కూడా 1969 నుంచి 1984 దాకా ఐదు మ్యాచ్‌లే. 1985లో ఏడు చేశారు. ఆ మొదటి ఏడాదే కాన్సాస్ సిటీ రాయల్స్ 3-1తో వెనకబడి, టొరంటో మీద 4-3తో గెలిచింది. పాత లెక్కయితే టొరంటో మూడో విజయంతోనే కథ ముగిసేది. ఆ తర్వాత ఆఖరి పోరైన వరల్డ్ సిరీస్‌లో కూడా సెయింట్ లూయిస్ మీద 3-1 నుంచే పుంజుకుని కప్పు గెలిచింది.

అలాగని వరల్డ్ సిరీస్‌ని తొమ్మిది చేయమంటే నేను ఒప్పుకోను. 1903లో ఒకసారి, 1919 నుంచి 1921 దాకా మూడేళ్ళు తొమ్మిది ఆడించి, 1922లో మళ్ళీ ఏడుకే వచ్చారు. పైగా 2023 వరల్డ్ సిరీస్ నవంబర్ 1న ముగిసింది. ఇంకా సాగదీస్తే ఉత్తరాది ఊళ్ళలో చలికి చేతులు కొంకర్లు పోతాయి. డివిజన్ సిరీస్‌ని ఏడు చేయాలన్నా రోజులు కావాలి. అందుకు లీగ్ మ్యాచ్‌లను 162 నుంచి 154కు తగ్గించాలంటాను. 1960 వరకు రెండు లీగుల్లోనూ 154 ఆడేవాళ్ళు. అలా చేస్తే ఒక్కో జట్టుకు సొంత ఊళ్ళో నాలుగు మ్యాచ్‌ల ఆదాయం పోతుంది, యజమానులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అయినా ఏప్రిల్‌లో సగం ఖాళీ కుర్చీల ముందు ఆడే మ్యాచ్‌లు తగ్గించి, అక్టోబర్‌లో ఊరంతా ఎదురుచూసే మ్యాచ్‌లు పెంచడం మంచిదే.

అక్టోబర్ 27న వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌కి మా బావమరిది టికెట్ సంపాదించాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సీగర్ హోమ్ రన్‌తో స్కోరు సమం కాగానే స్టేడియం నుంచి ఫోన్ చేశాడు. ఆ హోరులో మాట ఏదీ వినబడలేదు. మా వాడు స్పీకర్ దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా కొట్టి గెలిపించేదాకా లేవలేదు. తర్వాత నన్నడిగాడు, "మామయ్య వాళ్ళకి ఇంకా ఎన్ని మ్యాచ్‌లుంటాయి నాన్నా?"

"ఇంకో ఆరు దాకా ఉండొచ్చు" అన్నాను.