2008లో మూడు దారులు: ఛోటా భీమ్, రోడ్‌సైడ్ రోమియో, ఘటోత్కచ్. ఏది మేలు?

భారతీయ యానిమేషన్ చరిత్రలో ఒకే ఒక్క ఏడాదిని తీసుకుని పరిశీలించవలసి వస్తే నేను 2008నే తీసుకుంటాను. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తీసిన ‘ఛోటా భీమ్’ ధారావాహిక ఆ ఏడాదే పోగో ఛానెల్‌లో మొదలైంది. మే నెలలో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన 2డీ (గీసిన బొమ్మలతో తీసిన) చిత్రం ‘ఘటోత్కచ్’ థియేటర్లకు వచ్చింది. దీపావళికి యశ్‌రాజ్ ఫిల్మ్స్, డిస్నీ కలిసి నిర్మించిన 3డీ (కంప్యూటర్‌లో లోతు, ఆకారం గల బొమ్మలతో తీసిన) చిత్రం ‘రోడ్‌సైడ్ రోమియో’ విడుదలైంది. మాసాబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనో, నగరంలోని ఏదో ఒక శిక్షణ కేంద్రంలోనో యానిమేషన్ నేర్చుకుని, నలుగురు మిత్రులతో కలిసి సొంతంగా స్టూడియో పెట్టాలనుకునే యువతకు ఈ మూడు దారులూ నేటికీ తెరిచే ఉన్నాయి కాబట్టి, వీటిలో ఏది మేలన్నది పాతబడిపోయిన ప్రశ్న కాదు.

అప్పటికి హైదరాబాద్ స్టూడియోలు ఎక్కువగా విదేశీ ధారావాహికల పని మీద ఆధారపడి ఉండేవి. కథ, పాత్రల రూపాలు, దృశ్యాల వరుసను బొమ్మల్లో చూపే స్టోరీబోర్డ్ బయటినుంచి వచ్చేవి. వాటికి కదలిక ఇచ్చి, రంగులు నింపి, గడువులోగా తిరిగి పంపడం ఇక్కడి వారి వంతు. ఆ పని వేలాది మందికి జీతాలిచ్చింది, చేతులకు వేగం నేర్పింది. అయితే పాత్ర ఎంత పేరు తెచ్చుకున్నా దాని మీద హక్కు మాత్రం ఇక్కడివారికి దక్కేది కాదు. అమెరికాలో ఆర్థిక సంక్షోభం ముదిరింది కూడా 2008లోనే కనుక, పరాయి ఆర్డర్ల మీద మాత్రమే బతకడం ఎంత ప్రమాదమో ఆలోచించవలసిన సమయం అది. అందువల్ల ఈ మూడింటినీ పోల్చేటప్పుడు బొమ్మ ఎంత అందంగా ఉందన్న ప్రశ్న కంటే ముందు, ఆ బొమ్మ ఎవరిది, దాన్ని ఎంతకాలం పోషించగలరు అన్న ప్రశ్న అడగాలని నా అభిప్రాయం.

ఛోటా భీమ్ బలమంతా దాని పొదుపులో ఉంది. లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. 11 నిమిషాల కథకు సెకనుకు 24 ఫ్రేముల (తెరపై వరుసగా వచ్చే విడి చిత్రాల) చొప్పున 15,840 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు నిలిపినా 7,920 బొమ్మలు గీయాలి. వారం వారం పిల్లలకు కొత్త కథ అందించవలసిన టీవీలో ఇన్నింటిని కొత్తగా గీయడం అసాధ్యం. అందుకే కంప్యూటర్‌లో చేసే 2డీ పద్ధతిలో భీముడి తల, మొండెం, చేతులు, కాళ్లు, పెదవుల ఆకారాలు విడివిడి ముక్కలుగా ఒకసారి తయారుచేసి పెట్టుకుని, వాటినే తిప్పుతూ, జరుపుతూ నడకను, పరుగును, మాటను పుట్టిస్తారు. ఇంచుమించు ప్రతి కథలోనూ వచ్చే లడ్డూ ఘట్టాన్ని గమనించండి. ఆపదలో ఉన్న భీముడికి ఎవరో లడ్డూ అందిస్తారు, అది నోట్లో పడగానే కండలు ఉబ్బుతాయి, ఆ వెంటనే శత్రువు గాలిలో ఎగిరి పడతాడు. నాలుగేళ్ల పిల్లవాడు ఆ క్షణం కోసమే కథంతా ఎదురు చూస్తాడు. నిర్మాణపరంగా చూసినా అది తెలివైన ఏర్పాటే, ఎందుకంటే అదే కదలికను చిన్న చిన్న మార్పులతో మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పైగా ఆ పునరావృతి పిల్లలకు విసుగు పుట్టించకపోగా ఆనందాన్నిస్తుంది.

రోడ్‌సైడ్ రోమియో లెక్క పూర్తిగా వేరు. గంటన్నర సినిమా అంటే 1,29,600 ఫ్రేములు. అందులో ప్రతి ఫ్రేమునూ కంప్యూటర్ వెలుగునీడలతో సహా లెక్కగట్టి రెండర్ చేయాలి, అంటే తుది చిత్రంగా మలచాలి. కథానాయకుడే కుక్క కావడంతో బొచ్చు ఒక పెద్ద సమస్య. తల తిప్పినా, గాలి వీచినా వెంట్రుకలన్నీ నమ్మదగినట్టు కదలాలి. యానిమేషన్ చేసిన టాటా ఎల్‌ఎక్సి సంస్థ కళాకారులు ఈ పనిని శ్రద్ధగా చేశారు, ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు కూడా దీనికి దక్కింది. ముంబై వీధుల గోడలు, వాటి మీద పడే రాత్రి వెలుతురు ఇప్పటికీ చూడదగినవే. చిక్కంతా ఆ చిత్రం ఎంచుకున్న పోటీలో ఉంది. అదే ఏడాది ‘కుంగ్ ఫూ పాండా’, ‘వాల్-ఇ’ వచ్చాయి. ఒక్కోదాని వెనుక పది కోట్ల డాలర్లకు మించిన పెట్టుబడి ఉంది. వాటిని చూసిన కన్నుతోనే మన ప్రేక్షకుడు రోమియోను కూడా చూశాడు. సైఫ్ అలీ ఖాన్, కరీనా కపూర్ గొంతుల ఆకర్షణ హిందీ సినిమా అభిమానుల మీద పనిచేయవచ్చు గాని, ఐదేళ్ల తెలుగు పిల్లకు ఆ గొంతులు ఎవరివో తెలియదు, తెలియవలసిన పనీ లేదు. దక్షిణాది యాసతో హిందీ మాట్లాడే చార్లీ అన్నా అనే కుక్కల దాదా మనవైపు వారికి అంతగా నవ్వు తెప్పించకపోవడంలోనూ ఆశ్చర్యం లేదు. పెట్టుబడికి తగిన ఆదరణ రాలేదు, రోమియోకు రెండో భాగమూ రాలేదు.

ఘటోత్కచ్ గురించి చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువాడిగా మనసు కొంచెం బరువెక్కుతుంది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం, యాభై ఏళ్ల తరువాత అదే పాత్రను బొమ్మల్లోకి తెచ్చారు. ఆ పాత చిత్రంలో ఎస్.వి.రంగారావు ముందు లడ్డూలు తమంతట తాము లేచి నోట్లోకి దూకే దృశ్యం కెమెరా మాయతో సాధించినదే అయినా, నా దృష్టిలో అది మన తొలి గొప్ప యానిమేషన్ ఘట్టాలలో ఒకటి. ఆ ఘటోత్కచుడి గొప్పదనం శరీరపు బరువులో ఉంది. గద భుజాన వేసుకుని అడుగు వేస్తే నేల అదిరినట్టు అనిపించేది. యానిమేషన్‌లో పాత్రను చిన్నపిల్లవాడిగా మార్చడంతో ఆ బరువు తగ్గిపోయింది, ముద్దు మాత్రం మిగిలింది. అంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది: ఒక్కసారి థియేటర్‌లో కనిపించి వెళ్లిపోయిన పాత్రతో పిల్లలకు చెలిమి కుదరదు. ఛోటా భీమ్‌లోని ఢోలక్‌పూర్ అనే ఊరు, రాజా ఇంద్రవర్మ, చుట్కీ, రాజు, జగ్గు పిల్లల ఇళ్లలో మనుషులైపోయారంటే అది రోజూ కనిపించడం వల్లనే.

కాబట్టి నా తీర్పు ఛోటా భీమ్ దారి వైపే. అందులో లోపాలు లేవని కాదు. ప్రతి చిక్కునూ పిడికిలితో విప్పడం, భీముడితో పోటీపడే, నల్లగా, లావుగా ఉన్న కాలియాను ఎప్పుడూ ఓడిపోయేవాడిగా చూపడం, చుట్కీని తరచుగా లడ్డూలు అందించే పాత్రకే పరిమితం చేయడం తల్లిదండ్రులు ఆలోచించవలసిన విషయాలు. నడకలో ఒక చిత్రకారుడికి కావలసిన సూక్ష్మత కూడా అందులో దొరకదు. అయినా, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, ఆ తరువాత యానిమేషన్ నేర్చుకుని వచ్చిన గ్రీన్ గోల్డ్ వ్యవస్థాపకుడు రాజీవ్ చిలక, పాత్రను తమ సంస్థ చేతిలోనే ఉంచుకున్నారు. దాని ఫలితం కాలక్రమంలో కనిపించింది: 2012లో ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’ పెద్ద తెరకు వచ్చింది, సంచుల మీద, లంచ్ బాక్సుల మీద భీముడు చేరాడు, 2019లో అదే భీముడు పసివాడిగా మారి ‘మైటీ లిటిల్ భీమ్’ పేరుతో 3డీలో నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లాడు. ఆ ధారావాహికలో మాటలు దాదాపు లేవు, అందుకే ఏ దేశపు పసిపిల్లకైనా అనువాదంతో పని లేకుండా అర్థమైంది. 2008లో రోమియో ఒక్క ఊపులో అందుకోవాలనుకున్న 3డీని, ఈ సంస్థ పదేళ్లపాటు పాత్రను పోషించి, దాని బలం మీద అందుకుంది.

లైటింగ్, రిగ్గింగ్ (3డీ పాత్ర కదలడానికి లోపల ఎముకల వంటి చట్రం అమర్చడం), రెండరింగ్ మీద మనసున్న విద్యార్థి మాత్రం రోమియో తరహా చిత్రాల దగ్గరే నేర్చుకోవాలి. ఆ నైపుణ్యానికి నేడు మన నగరంలోని విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలలో చేతినిండా పని ఉంది. సొంత స్టూడియో పెట్టేవారు ఐదారు నిమిషాల 2డీ కథలతో, ఒకే ఊరు, నాలుగైదు పాత్రలతో మొదలుపెట్టి, హక్కుల పత్రం మీద తమ పేరే ఉండేలా చూసుకోవాలి. ఘటోత్కచుడి వంటి పాత్రను మళ్లీ చేపట్టదలచిన వారు సినిమా జోలికి ముందే వెళ్లకుండా, అతన్ని నిండు శరీరంతో, తెలుగు మాటలతో, వారానికో కథగా టీవీకో యూట్యూబ్‌కో తీసుకురావడం మేలు.