పల్లె పిల్లలకు ఇంజనీరింగ్: ట్రిపుల్ ఐటీ మేలా, ఫీజు రీయింబర్స్‌మెంటు మేలా?

సర్కారు బడి పిల్లల్ని ఇంజనీరింగ్‌ దాకా తీసుకురావడానికి మనకు రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంటు. రెండోది 2008లో పెట్టిన ఆర్‌జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం), అంటే జనం నోట్లో ట్రిపుల్ ఐటీ. ఎంతమంది చేరారన్న లెక్క అందరూ చెబుతారు. చేరినవాళ్లలో ఎంతమంది ఫైనలియర్ దాకా నిలబడతారన్నదే నాకు ముఖ్యం.

సీటు ఇప్పించడంలో రీయింబర్స్‌మెంటుకు సాటి లేదు. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసి, కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, సీటు తెచ్చుకున్నారంటే ఈ పథకం చలవే. కానీ అది ఫీజు వరకే చూసుకుంటుంది. తెలంగాణలో ర్యాంకు 10,000 దాటిన బీసీ పిల్లల్లో చాలామందికి ఏడాదికి 35,000 రూపాయలే వస్తుంది, మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. సర్కారు కాలేజీకి కట్టాల్సిన బకాయిలు పేరుకుపోతే పిల్లల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉండిపోతాయి.

అంతకంటే పెద్ద దెబ్బ మొదటి ఏడాదిలోనే తగులుతుంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన అమ్మాయి మీద ఎం-1 (మొదటి లెక్కల పేపరు), ఫిజిక్స్, సి లాంగ్వేజీ ఒక్కసారే ఇంగ్లిషులో వచ్చి పడతాయి. లెక్క చేయడం వచ్చు, ప్రశ్న ఏమడుగుతోందో అర్థం కాదు. క్లాసులో లేచి అడగడానికి నోరు రాదు. ఎం-1 పోతుంది, దాని వెనకే ఎం-2. క్రెడిట్లు చాలక డిటెయిన్ అయితే జూనియర్లతో కూర్చోవాలి. అప్పటికి ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. ఆ అమ్మాయికి తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెను పట్టించుకునే ఏర్పాటే అక్కడ లేదు.

ట్రిపుల్ ఐటీ బలం సరిగ్గా అక్కడే ఉంది. ప్రవేశానికి పదో తరగతి ఫలితాలే ఆధారం, కోచింగ్‌కి డబ్బు పోసే పని లేదు. తెలంగాణలోని బాసర ట్రిపుల్ ఐటీలో అయితే హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఇస్తారు. ఆ తర్వాత రెండేళ్లు పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్లు బీటెక్, అన్నీ ఒకే క్యాంపస్‌లో. ఇంగ్లిషు, లెక్కలు కుదురుకోవడానికి దొరికే ఆ రెండేళ్లే అసలు విలువ. బీటెక్ మొదలయ్యేసరికి పక్కనున్నవాళ్లంతా తనలాంటివాళ్లే, రెండేళ్లుగా తెలిసినవాళ్లే.

అయితే సీట్లు తక్కువ. నిర్వహణ సంగతి చెబితే కడుపు రగులుతుంది. 2022 జూన్‌లో బాసర పిల్లలు రెగ్యులర్ వీసీ (వైస్ ఛాన్సలర్) కావాలని, అధ్యాపకులు కావాలని ఎండనక వాననక వారం పాటు గేటు దగ్గర బైఠాయించారు. పాఠం చెప్పేవాళ్ల కోసం పిల్లలు రోడ్డెక్కాల్సి రావడం ఏ సర్కారుకూ గౌరవం కాదు.

ఐఐటీల నుంచి నేర్చుకోవాల్సిందీ ఉంది. 2018లో అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టారు, అబ్బాయిల సీట్లు తగ్గించకుండానే. అంతకుముందు పది శాతానికి లోపున్న అమ్మాయిల వాటా 2020కల్లా 20 శాతానికి చేరింది. అంటే చేర్చుకోవాలనుకుంటే రెండేళ్లలో అయ్యే పనే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఐఐటీల్లో ఏడాది ప్రిపరేటరీ కోర్సు కూడా ఉంది. అది పూర్తిచేస్తే జేఈఈ మళ్లీ రాయకుండానే బీటెక్‌లోకి పంపుతారు. మన కన్వీనర్ కోటా కాలేజీలకు అలాంటిది ఒక్క సెమిస్టరైనా కావాలి, దాని ఖర్చు రీయింబర్స్‌మెంటులోనే కలపాలి.

పదో తరగతి ఇప్పుడే అయిన పిల్లలైతే, నా ఓటు ట్రిపుల్ ఐటీకే, లోపాలున్నా సరే. ఇంటర్ అయిపోయిందంటే ఇక రీయింబర్స్‌మెంటు దారే. ఆ దారిలో కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టేముందు ప్లేస్‌మెంట్ బోర్డు చూసి మురిసిపోకండి. సెకండియర్ పిల్లల్ని కలిసి, ఎం-1 పోయినవాళ్లకు సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్పే లెక్చరర్ ఉన్నారా అని అడగండి. ఫలానా సార్ అని పేరు చెప్పారంటే ఆ కాలేజీని పైన పెట్టండి.