‘ఎర’ను వెతుకుతూ ఆంధ్రభారతి నిఘంటు శోధనలో

ఆన్‌లైన్ మోసాల గురించి ఒక కరపత్రం రాయవలసి వచ్చినప్పుడు, మనిషికి ఆశ చూపి ముగ్గులోకి దించడాన్ని ఏ మాటతో చెప్పాలో తేలక, తెలుగు నిఘంటువుల్లో పదాలను ఆన్‌లైన్‌లో వెతికిపెట్టే ఆంధ్రభారతి నిఘంటు శోధనను ఆశ్రయించాను. ‘ప్రలోభం’ ఎన్నికల వార్తల్లో స్థిరపడిన మాట. మా ఊరి పెద్దల నోట అది వినిపించదు. అందుకే ‘ఎర’తో మొదలుపెట్టాను.

ఒకే పదానికి వేర్వేరు కాలాల నిఘంటుకారులు ఇచ్చిన అర్థాలను, ఏది ఎవరిదో చెబుతూ ఒకే చోట చూపడం ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువునూ, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరాన్నీ బల్లమీద పక్కపక్కన తెరిచి పెట్టుకున్నట్టే ఉంటుంది; పైగా ఇదంతా ఉచితం.

గాలానికి గుచ్చిన వానపాము ఎర, తల్లిపక్షి గూటికి తెచ్చే మేత ఎర, పాము మింగిన కప్ప కూడా ఎరే. తమిళంలో దీని తోబుట్టువైన ‘ఇరై’కి కూడా మేత అనే అర్థం ఉంది. ఈ అర్థాలను కలిపి చదువుకున్నప్పుడు, ఎరకు ఆశపడి వచ్చిన చేప తానే ఇంకొకరికి ఎర అవుతుందన్న సంగతి ఈ రెండక్షరాల్లోనే ఇమిడి ఉందని గ్రహించాను. ‘ఆకర్షణ’ అంటే ఆ ప్రమాదం స్ఫురించదు. కరపత్రంలో ‘ఎర’నే ఉంచాను.

అక్కడి నుంచి ‘ఊరించు’కు వెళ్లాను. ఊట, ఊరగాయ, నోరూరడం అన్నీ ‘ఊరు’ అనే క్రియ చుట్టూ అల్లుకున్నవే కనుక, ఊరించడంలో గాలం లేదు, నాలుక మీది తడి మాత్రమే ఉంది. మామిడిపండు చూపి పిల్లవాణ్ణి ఊరిస్తాము. వాడికి ఎర వేశామని అనము. పర్యాయపదాల పట్టిక ఒక్కటే చూసుకుని రాసేవారికి ఈ తేడా అందదు.

అయితే ఈ పాత నిఘంటువుల్లో నేటి పత్రికల భాష దొరుకుతుందని ఆశించకూడదు. పిల్లలకు ప్రేమతో పెట్టే చిరుతిండి అయిన ‘తాయిలం’ ఓటర్లకు ప్రకటించే ఉచిత వరాలకు పేరుగా మారింది. 1885లో ముగిసిన నిఘంటువులో ఆ అర్థం ఉండే వీలు లేదు. పత్రికల ప్రయోగాలతో సహా ఆ కొత్త అర్థం కూడా పాతవాటి పక్కనే కనిపించే రోజు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.