కోనసీమలో పెంకుల కప్పు, అటక: ఒక కలప అడితి పనితనంపై సమీక్ష

అమలాపురం పరిసరాల్లో కలప అమ్మడంతోపాటు, ఇంటి కొలతల ప్రకారం కోయించి, తమ వడ్రంగులతోనే కప్పు నిలబెట్టించి ఇచ్చే అడితులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. దగ్గరుండి గోడలు కట్టించుకున్న మా చిన్న ఇంటికి కప్పు, అటక పనులను వాటిలో ఒకదానికి అప్పగించాము. లోపలి కొలత పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు. పైన రెండు వాలుల మంగుళూరు పెంకుల కప్పు, దాని కింద సామాను పెట్టుకునేందుకు అటక. ఇటువంటి ఇల్లు తలపెట్టినవారి కోసం, ఆ అడితి పనిలో నచ్చినదీ నచ్చనిదీ రాస్తున్నాను.

వాసాలకు తాటి, అటక దూలాలకూ, గోడ తలమీద వాసాలు ఆనే గోడపట్టీలకూ వేగి కర్ర, పెంకులు ఆనే రీపర్లకు టేకు వాడదామని అడితి యజమాని సూచించారు. తాటికర్ర విలువంతా దాని అంచులోనే ఉంటుంది. మానును అడ్డంగా కోసి చూస్తే వెలుపలి భాగంలో నల్లని నారపోగులు ఒత్తుగా చుక్కల్లాగా కనిపిస్తాయి. లోపలికి పోయేకొద్దీ అవి పలచబడి, నడిమి భాగం గోటితో గీరినా పొడిగా రాలిపోతుంది. ముదురు చెట్టుకు ఈ గట్టి వెలుపలి భాగం, అంటే చేవ, మందంగా ఉంటుంది, లేత చెట్టుకు ఉండదు. యజమాని ప్రతి వాసం కొసనూ మా ఎదుటే కొత్తగా కోయించి చూపించారు. నడిమి మెత్తని బెండు మిగిలి ఉన్నవాటిని మేము అడగకముందే పక్కన పెట్టించారు. బేరం కుదిరాక సరుకు గురించి కొనేవాడి కంటే అమ్మేవాడే పట్టింపుగా ఉండడం అరుదు కనుక, ఈ విషయంలో ఆయనను మెచ్చుకోక తప్పదు.

రీపర్ల విషయంలో ఆ శ్రద్ధ లేదు. కొన్ని సరిగా ఆరని కర్రతో వచ్చి, ఎండకు మెలితిరిగాయి. మంగుళూరు పెంకు అడుగున ఉండే కొక్కెం రీపరుకు తగులుకుని నిలవాలి. రీపరు మెలితిరిగితే పెంకు ఒక మూల లేచి, ఈదురుగాలి వానకు అక్కడినుంచే నీరు లోపలికి వస్తుంది. చెప్పగానే మార్చి ఇచ్చారు, కానీ ఏరి పక్కన పెట్టే పని మాత్రం మాకే మిగిలింది. కొలత లెక్క కూడా ముందే అడిగి తెలుసుకోవాలి: బిల్లులో ఆరు అంగుళాలకు మూడు అంగుళాలని రాసిన దూలం, చిత్రిక పట్టిన తరువాత ప్రతి వైపూ పావు అంగుళం దాకా తగ్గి ఉంటుంది. ఇది అడితులన్నిటా ఉన్న వాడుకే.

వాలు నిర్ణయించడంలో వడ్రంగి మేస్త్రి అనుభవం బాగా కనిపించింది. ఖర్చు తగ్గుతుందని వాలు తగ్గించమని అడిగేవారు చాలామంది ఉంటారట. ఆయన మాత్రం అడుగుకు ఏడు అంగుళాల ఎత్తు, అంటే దాదాపు ముప్పై డిగ్రీల వాలు, ఉండాలని పట్టుబట్టారు. అంతకంటే బాగా తగ్గిస్తే వాన నీరు పెంకు మీద నిదానించి, గాలికి వెనక్కు ఎగదన్నుతుంది. ఈ వాలుతో అటక నడుమ ఎత్తు నాలుగు అడుగులు దాటదు కాబట్టి, అక్కడ నిలబడి తిరగాలనుకునేవారు గోడలనే పెంచుకోవాలి.

ప్రధానమైన లోపం బిగింపులో ఉంది. వారు ఇచ్చిన అంచనాలో గోడపట్టీని గోడకు, వాసాన్ని గోడపట్టీకి పట్టి ఉంచేవి మేకులు మాత్రమే. బోల్టుల సంగతి ఎత్తితే, “ఇంత బరువు కప్పు ఎక్కడికి పోతుందండీ?” అన్నారు మేస్త్రి. లెక్క చూస్తే ఆ ధీమా నిలవదు. పెంకులు, రీపర్లు కలిపి చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు; మా కప్పు మొత్తానికి మూడు టన్నుల పైమాట. మన కోస్తాకు నిర్మాణ ప్రమాణాలు లెక్కలకు ఆధారంగా నిర్దేశించిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వీచే గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. చూరు అంచుల దగ్గర, రెండు వాలులూ కలిసే వెన్ను దగ్గర ఇది పైకి లాగే శక్తిగా మారుతుంది. వసారా ఉంటే కింది నుంచి కూడా గాలి నెడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమలో ఈ బిగింపును అదనపు పనిగా లెక్కగట్టడం నాకు నచ్చలేదు.

గోడ తలమీద కాంక్రీటు బెల్టు పోసినప్పుడే 12 మిల్లీమీటర్ల బోల్టులు నాటించి ఉంచాము కనుక గోడపట్టీలు వాటికి బిగిశాయి. ప్రతి వాసం మీదుగా ఇనుప పట్టీ వంచి గోడపట్టీకి బోల్టు వేయించడానికి వేరే కూలి ఇచ్చుకోవలసి వచ్చింది. అయితే ఒప్పుకున్నాక చేసిన పని శుభ్రంగా ఉంది: తాటి చేవలో నేరుగా మేకు దింపితే కొస చీలుతుందని, ప్రతి చోటా ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి, ఆ తరువాతే బోల్టు దూర్చారు.

అటక విషయంలో వంక పెట్టడానికి లేదు. దూలాలను రెండడుగుల ఎడంతో పరచి, ఎదురెదురు వాసాల కింది కొసలను ఒక్కో దూలానికి బోల్టులతో కలిపారు. పెంకుల బరువుకు వాసాల కొసలు బయటికి జారబోతే దూలం వాటిని లాగిపట్టి ఉంచుతుంది; అటక బరువు మోసేదీ అదే దూలం. పైకి ఎక్కే దారిని గోడ వారగా కాక, తల తగలని చోట వెన్ను కిందికి తెచ్చారు. వెలుతురు కోసం రెండు గాజు పెంకులు పెట్టించమన్న సలహా కూడా మేస్త్రిదే. వేసవి మధ్యాహ్నం అటక మీద ఉండలేము; పాత్రలకు, ధాన్యపు బస్తాలకు ఆ వేడితో పేచీ లేదు.

కలపకు, అటకకు ఈ అడితిని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. కప్పు నిలబెట్టే పని కూడా వారికే ఇచ్చేవారు మాత్రం గోడపట్టీ బోల్టులు, వాసాల ఇనుప పట్టీలు, ఆరిన రీపర్లు అనే మూడింటినీ అంచనా కాగితంలోనే రాయించుకుని, బెల్టు పోయకముందే మేస్త్రిని స్థలానికి పిలిపించి బోల్టుల చోట్లు గుర్తు పెట్టించుకోవాలి.