180 స్విచ్‌లు, ఒక స్క్రిప్ట్: నెట్‌మికోతో మూడేళ్లు

నెలాఖరు వస్తోందంటే నాకు గుబులుగా ఉండేది. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లలో, దేంట్లో ఎన్ని పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) ఖాళీగా ఉన్నాయో లెక్క ఇవ్వాలి. మొత్తం 180 స్విచ్‌లు. ఒక్కోదాంట్లో లాగిన్ అవడం, కమాండ్ కొట్టడం, వచ్చింది కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టడం. రెండు రోజులు ఇందుకే పోయేవి, మూడో రోజు తప్పులు దిద్దుకోవడానికి. ఇప్పుడదే పని టీ తాగి వచ్చేలోపు అయిపోతోంది.

నా స్క్రిప్ట్‌కి ఆధారం నెట్‌మికో, నెట్‌వర్క్ పరికరాల్లోకి లాగిన్ అయి కమాండ్లు నడిపే పైథాన్ లైబ్రరీ. కిర్క్ బైయర్స్ రాశారు, అడుగున పారామికో అనే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) లైబ్రరీ ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో స్విచ్‌లోకి వెళ్లడం పెద్ద విషయం కాదు. ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్‌కి సిద్ధమని చూపే గుర్తు) మళ్లీ ఎప్పుడొచ్చిందో కనిపెట్టడం, 'మోర్' దగ్గర ఆగిపోకుండా పేజింగ్‌ను (జవాబును పేజీ పేజీగా చూపడాన్ని) ముందే ఆపేయడం, ఇవీ అసలు తలనొప్పులు. ఒక్కో కంపెనీ స్విచ్‌కి ఒక్కో తీరు. ఆ బాధ మన మీద పడదు, డివైస్ టైప్ సరిగ్గా ఇస్తే చాలు. కమాండ్‌కి జవాబు కోసం నెట్‌మికో డిఫాల్ట్‌గా 10 సెకన్లే ఆగుతుంది. పెద్ద స్టాక్‌లలో (ఒకటిగా పనిచేసేలా కలిపిన స్విచ్‌ల గుంపుల్లో) పూర్తి కాన్ఫిగ్ తీసేటప్పుడు అది సరిపోదు, నేను 60 చేసుకున్నాను.

వచ్చిన అక్షరాల గుట్టను టేబుల్‌గా మార్చడానికి టెక్స్ట్‌ఎఫ్‌ఎస్‌ఎమ్ అనే టూల్, దానికి ఎన్‌టీసీ టెంప్లేట్‌లు (ఏ కమాండ్ జవాబును ఎలా విడగొట్టాలో చెప్పే నమూనాలు) వాడతాను. నన్ను ముంచిందీ ఇక్కడే. టెంప్లేట్ కుదరకపోతే నెట్‌మికో గొడవేమీ చెయ్యదు, వరసల జాబితాకి బదులు మామూలు టెక్స్ట్‌నే చేతిలో పెట్టేస్తుంది. నా స్క్రిప్ట్ దాని పొడవు కొలిచి పోర్టుల సంఖ్యగా రాసేసింది. 48 పోర్టుల స్విచ్‌కి 3,912 పోర్టులు! నయం, అంకె అంత అడ్డగోలుగా వచ్చింది కాబట్టి దొరికింది. చేతికొచ్చింది జాబితానా కాదా అని ఇప్పుడు ముందే చూస్తాను.

వేగం మీద ఆశ పుట్టి ఒకసారి థ్రెడ్‌లు (ఒకేసారి పక్కపక్కనే నడిచే పనులు) 60కి పెంచాను. అన్ని లాగిన్‌లూ ఒక్కసారే మీద పడేసరికి లాగిన్‌లను సరిచూసే టాకాక్స్ సర్వర్ ఉక్కిరిబిక్కిరైంది. అదే సమయంలో వేరే పని మీద లాగిన్ అవ్వబోయిన సహోద్యోగి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. 20 దగ్గర ఆపేశాను.

ఎక్సెల్ సంగతి వేరే చెప్పాలి. కొన్ని స్విచ్‌లలో పోర్టు పేరు 1/2 అని ఉంటుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఎక్సెల్‌లో తెరవగానే అది తేదీ అయి కూర్చుంటుంది. అందుకే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఫార్మాట్ చేసి నేరుగా ఎక్సెల్ ఫైలే రాయిస్తున్నాను.

నెలకోసారి తీసిన లెక్కతో 'ఖాళీ పోర్టు' తేలదు. ఆ క్షణంలో ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా పోర్టు ఖాళీగానే కనిపిస్తుంది. 'లాస్ట్ ఇన్‌పుట్' (పోర్టుకి చివరి ప్యాకెట్ వచ్చి ఎంతసేపైందో) చూద్దామంటే, చాలా స్విచ్‌లలో హార్డ్‌వేర్ దాటించేసిన ట్రాఫిక్ అందులో పడదు. రోజూ ప్యాకెట్ల కౌంటర్లు తీసి నిన్నటితో పోల్చడమే మేలు. స్విచ్ రీబూట్ అయితే అవి సున్నాకొస్తాయి కాబట్టి పక్కనే అప్‌టైమ్ (ఆన్ అయి ఎంతసేపైందో) కూడా రాసుకోవాలి. నిమిషానికోసారి ట్రాఫిక్ గ్రాఫ్ కావాలంటే మాత్రం ఇది వద్దు, ఎస్‌ఎన్‌ఎమ్‌పీ (పరికరాల నుంచి కొలతలు అడిగి తెచ్చుకునే ప్రోటోకాల్) వాడుకోండి, అదీ 64 బిట్ కౌంటర్లతో. బైట్లు లెక్కపెట్టే 32 బిట్ కౌంటర్ నిండా నడుస్తున్న గిగాబిట్ లింకు మీద 34 సెకన్లలో ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నాకొచ్చేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు లైబ్రరీది కాదు, నాదే. కనెక్ట్ కాని స్విచ్‌ని వదిలేసి ముందుకెళ్లేలా రాశాను. రిపోర్టు చక్కగా వచ్చేది, అందులో లేనివి ఎవరికీ కనపడేవి కావు. ఒక స్టాక్ రెండు నెలలు అలా జారిపోయింది. దాంట్లో ఖాళీ పోర్టులు బోలెడున్నా కొత్త స్విచ్ కొనడానికి సిద్ధమయ్యారు. ఇప్పుడు రిపోర్టులో మొదటి షీటే 'అందనివి'. పేరు, కారణం, చివరిసారి అందిన తేదీ.

పోయిన వారం అందులో రెండు పేర్లున్నాయి. ఒకదానికి పాస్‌వర్డ్ మారింది. రెండోది ఏ ర్యాక్‌లో ఉందో ఇంకా వెతుకుతున్నాం.